ర్యామ్‌కు ముహూర్తాలు

కొత్త కంప్యూటర్ కొన్నవాళ్లకు అడగకుండానే దొరికే సలహా ఒకటుంది: బయోస్‌లోకి వెళ్లి ర్యామ్ టైమింగ్స్ బిగించు, వేగం పెరుగుతుంది, స్థిరత్వమూ వస్తుంది. 16-18-18-38 అనే నాలుగంకెలను జాతకచక్రంలా ముందేసుకుని, ఏ గ్రహాన్ని ఎన్ని విఘడియలు జరపాలో చెప్పే సిద్ధాంతులు తయారయ్యారు. వాళ్ల లెక్కను కాదనక్కర్లేదు, చివరిదాకా వేసి చూస్తే చాలు. డీడీఆర్4 3200 ర్యామ్‌లో ఒక క్లాక్ సైకిల్ 0.625 నానోసెకన్లు. కాబట్టి ఆ నాలుగంకెల్లో మొదటిది, సీఎల్ 16, అంటే 10 నానోసెకన్లు. వోల్టేజి పెంచి, రాత్రంతా మేలుకుని దాన్ని 14కు దించితే 8.75. మిగిలింది 1.25 నానోసెకన్లు, అంతలో వెలుతురు కూడా మూరెడు దూరం పోదు. అసలు ప్రాసెసర్ అడిగింది ర్యామ్ నుంచి చేతికందడానికి మామూలుగా 60 నుంచి 80 నానోసెకన్లు పడుతుంది. అడిగేవాటిలో చాలావరకు ర్యామ్ గడప తొక్కకుండా క్యాషేలోనే దొరుకుతాయి. ఇంకో వింత: రెండు దశాబ్దాల కిందటి డీడీఆర్ 400లో సీఎల్ 2 అన్నా 10 నానోసెకన్లే, ఇప్పటి డీడీఆర్5 6000లో సీఎల్ 30 అన్నా 10 నానోసెకన్లే. అంకె పెద్దదైందని బెంగపడేవాళ్లు గంటను నిమిషాల్లో చెబితే ఆలస్యమైందనుకునే రకం.

వేగం సంగతి సరే, స్థిరత్వం ఎక్కణ్ణుంచి వస్తుంది? టైమింగ్స్ సడలిస్తే వస్తుంది. బిగిస్తే పోతుంది. రెండూ ఒకే మందుతో కుదురుతాయనడం ఉపవాసంతో ఒళ్లు చేస్తుందనడమే. ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక చిల్లుకుండ. అందులో దాచిన ఛార్జి కారిపోతూ ఉంటుంది, అందుకే ప్రతి వరుసనూ 64 మిల్లీసెకన్లకోసారి నింపాలని డీడీఆర్4 ప్రమాణం. మన సిద్ధాంతులు నింపడానికీ నింపడానికీ మధ్య విరామాన్ని, అంటే టీఆర్‌ఈఎఫ్‌ఐని, పెంచి ఆ నీళ్లు పోసే మనిషికి సెలవిస్తారు. వేడెక్కితే కుండ ఇంకా త్వరగా కారుతుంది. 85 డిగ్రీలు దాటితే రెట్టింపుసార్లు నింపాలంటుంది అదే ప్రమాణం. డిసెంబరు రాత్రి మెమ్‌టెస్ట్ పాసైన అంకెలు రోహిణి కార్తెలోనూ పాసవుతాయని ఎవరు పూచీ? బ్లూ స్క్రీన్ వస్తే అదృష్టం, తప్పు తెలిసిపోతుంది. రాకపోతేనే భయం: ఒక బిట్టు తిరగబడి, ఆ తప్పుతోనే ఫైలు సేవ్ అవుతుంది. గూగుల్ సర్వర్లపై 2009లో వెలువడిన అధ్యయనంలో ఏడాదికి 8 శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్లలో తప్పులు కనిపించాయి. అవి ఎవరూ బిగించనివి, పైగా తప్పును పసిగట్టే ఈసీసీ ఉన్నవి. ఇంట్లో వాడే మామూలు ర్యామ్‌కు ఆ స్థాయి కాపలా కూడా లేదు.

గేముల్లో ఫ్రేములు పెరుగుతున్నాయి కదా అంటారు. కొన్నిట్లో కొద్దిగా పెరుగుతాయి, నిజమే. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రానికి ర్యామ్ వేగం బాగానే కలిసొస్తుంది కూడా. అయితే ఆ లాభంలో సింహభాగం ర్యామ్‌ను కొన్న వేగానికి చేర్చడంవల్ల వచ్చేదే. 3200 అని డబ్బా మీద చదివి కొని, బయోస్‌లో ఒక్క మీట నొక్కక 2133 దగ్గర నడిపేవాళ్లకు ఆ మీట చూపించడం మేలే. ఇంటెల్ దాన్ని ఎక్స్‌ఎంపీ అంటుంది, ఏఎండీ డీడీఆర్5లో ఎక్స్‌పో అంటుంది. అదీ ఒక రకం ఓవర్‌క్లాకింగే గనక ఆ తర్వాత ఒక రాత్రి పరీక్ష పెట్టడం వివేకం. సరదాకు బిగించేవాళ్లతో పేచీ లేదు, సరదాకు లెక్కలుండవు. పని యంత్రం మీద, పిల్లల ఫొటోలున్న డిస్కు పక్కన, ఈ యజ్ఞం చేయమనే వాళ్లతోనే పేచీ. ఆ మీట నొక్కండి. టీఆర్‌ఈఎఫ్‌ఐ గడిలో ఆటో అని ఉంటుంది, దాన్ని అలాగే ఉండనివ్వండి.