మంచు కింద డాలరు బిళ్ళ

నా విలువ ఒక్క డాలరు. కెనడాలో నన్ను లూనీ అంటారు. ఒకవైపు ఎలిజబెత్ రాణి, రెండోవైపు నీళ్ళ మీద తేలే లూన్ పక్షి. 1987లో మమ్మల్ని చలామణిలోకి తెచ్చేముందు మా మీద పడవ నడిపేవాళ్ళ బొమ్మ వేద్దామనుకున్నారు. ఆ అచ్చుదిమ్మెలు ఒట్టావా నుంచి విన్నిపెగ్ వెళ్తూ దారిలోనే మాయమయ్యాయి. దొంగ నాణేలు పుట్టుకొస్తాయన్న భయంతో బొమ్మే మార్చేశారు. ఇలా దిమ్మెలు పోగొట్టుకుని పుట్టిన నన్ను అదృష్టదేవతని చేశారు చూడండి!

2002 శీతాకాల ఒలింపిక్స్‌కి సాల్ట్ లేక్ సిటీ పక్కనే ఉన్న 'ఈ సెంటర్' స్టేడియంలో ఐస్ వెయ్యడానికి ఎడ్మంటన్ నుంచి ట్రెంట్ ఎవాన్స్ వచ్చాడు. హాకీ ఐస్ ఒక్కసారి నీళ్ళు పోస్తే తయారయ్యేది కాదు. చల్లబరిచిన కాంక్రీటు మీద పల్చగా నీళ్ళు చల్లి, గడ్డకట్టాక మళ్ళీ చల్లి, మధ్యలో తెల్లరంగు, గీతలు వేసి, పొరమీద పొర పేర్చాలి. అంతా కలిపినా అంగుళం అటూ ఇటూ. మైదానం నడిమధ్య గుర్తు కోసం ఎవాన్స్ ముందు పది సెంట్ల బిళ్ళ పెట్టాడు. తర్వాత నన్నూ అక్కడే చేర్చాడు. పైన కాస్త పసుపు రంగు పూసి, నీళ్ళు చల్లి కప్పేశాడు. అమెరికా గడ్డ మీద, అమెరికావాళ్ళ ఐస్ కింద, కెనడా డాలరు!

ఈ రహస్యం తెలిసిన కెనడా వాళ్ళకి ధైర్యం వచ్చిందంటారు. నా మాట వేరు. పురుషుల జట్టు మొదటి ఆటలోనే స్వీడన్ చేతిలో 5-2తో ఓడింది. అప్పుడూ నేను అక్కడే, ఆ ఐస్ కిందే ఉన్నాను. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

ఫిబ్రవరి 21న ఆడవాళ్ళ ఫైనల్. నన్నడిగితే అసలు ఆట అదే. ఒలింపిక్స్‌కి ముందు వరసగా ఎనిమిది మ్యాచ్‌ల్లో అమెరికా చేతిలో ఓడి వచ్చారు కెనడా అమ్మాయిలు. పైగా ఆ రోజు వాళ్ళ మీద వరసగా ఎనిమిది పెనాల్టీలు పడ్డాయి. అంటే అన్నిసార్లూ ఒక మనిషి తక్కువతోనే కాచుకోవాలి. రెండో పీరియడ్‌లో ఒక్క సెకను మిగిలి ఉండగా జేనా హెఫర్డ్ పక్‌ని (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళని) నెట్‌లోకి పంపింది. ఆ గోలే చివరికి ఆదుకుంది: 3-2. గెలిచిన సంబరంలో వాళ్ళు నడిమధ్యకి వచ్చి మంచుని ముద్దాడుతుంటే ఎవాన్స్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. పురుషుల ఫైనల్ ఇంకా మూడు రోజులుంది. ఈలోగా ఎవరైనా పసిగడితే నన్ను తవ్వి పారేస్తారు.

ఎవరూ పసిగట్టలేదు. 24న మళ్ళీ అమెరికాతోనే. మొదటి గోలు వాళ్ళదే, టోనీ అమాంటే కొట్టాడు. తర్వాత జరిగిందాన్ని ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు. క్రిస్ ప్రాంగర్ ఇచ్చిన పాస్ తనవైపే వస్తుంటే మారియో లెమ్యూ కొట్టబోయినట్టే కర్ర ఊపి, పక్‌ని కాళ్ళ సందులోంచి వదిలేశాడు. గోల్‌కీపర్ అతని మాయలో పడ్డాడు. వెనక ఉన్న పాల్ కరియా తాపీగా గోలు చేశాడు. పక్‌ని తాకకుండానే గోలు చేయించడం లెమ్యూకే చెల్లింది. ఆపైన జో సాకిక్ రెండు, జరోమ్ ఇగిన్లా రెండు: 5-2. సరిగ్గా 50 ఏళ్ళ కిందట, 1952లో అదే తేదీన, ఓస్లోలో ఎడ్మంటన్ మెర్క్యురీస్ తెచ్చిన స్వర్ణం తర్వాత పురుషుల హాకీలో కెనడాకి మళ్ళీ ఇదే.

అప్పుడు నన్ను తవ్వి తీశారు. జట్టు వ్యవహారాలు చూసిన వేన్ గ్రెట్జ్‌కీ విలేకరుల ముందు నన్ను చూపించాడు. అక్కణ్ణించి టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరాను. జనం వచ్చి నన్ను వేలితో రాసి, కళ్ళకి అద్దుకున్నంత పనిచేసి పోయేవారు. టంకశాల వాళ్ళు నా పేరు చెప్పుకుని 'లక్కీ లూనీ' అని కొత్త నాణేలు ముద్రించడం మొదలెట్టారు. 2006లో కూడా ఒకటి వేశారు. ఆ ఏడు టురిన్‌లో పురుషుల జట్టు క్వార్టర్ ఫైనల్లోనే రష్యా చేతిలో 2-0తో ఓడి ఇంటికొచ్చింది. ఆడవాళ్ళు మాత్రం మళ్ళీ స్వర్ణం కొట్టారు.