మా ఇంటి ముందు టెంటు

మా రాజోలులో ఇంటి ముందు టెంటు లేచిందంటే కారణాలు రెండే. ఒకటి పెళ్ళి. రెండోది పెళ్ళి కానిది. మా ఇంట్లో పెళ్ళికెదిగిన వాళ్ళెవరూ లేరని వీధి వీధంతా తెలుసు. అందుకే ఆ ఆదివారం పొద్దున్నే నేను వాకిట్లో టెంటు విప్పి, ఏ పుల్ల ఏ కన్నంలో దూర్చాలో తెలీక తల పట్టుకుని కూర్చుంటే, ఎదురింటాయన గబగబా చొక్కా తొడుక్కుని వచ్చేశాడు. నా భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించి, "ఎప్పుడండీ? నిన్న సాయంత్రం బానే ఉన్నారు కదా అమ్మగారు!" అన్నాడు.

అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తున్న మా అమ్మ తలెత్తి, "ఇప్పుడూ బానే ఉన్నానండీ. కాఫీ తాగి వెళ్ళండి" అంది.

ఈ గొడవంతా మా పిల్లలు తెచ్చిపెట్టింది. ఫోనులో ఏదో చూశారు. పొగమంచు, మంచులో టెంటు, టెంటు ముందు మంట, మంట పక్కన గిటారు. క్రిస్మస్ సెలవుల్లో మారేడుమిల్లి వెళ్ళి అలా పడుకోవాలన్నారు. మా ఇంట్లో గిటారు లేదనీ, మంట వంటింట్లోనే ఉందనీ చెప్పి చూశాను. వినలేదు. మా ఆవిడ మాత్రం ఒకే ప్రశ్న అడిగింది: "బాత్రూం ఎక్కడండీ?" గుడారమన్నది పుట్టిన నాటి నుంచీ మగాళ్ళు సరిగ్గా జవాబు చెప్పకుండా దాటేస్తున్న ప్రశ్న అది. నేనూ దాటేశాను. ఆవిడ దాటనివ్వలేదు. చివరికి టెంటు కంటే ముందు, పక్కాగా కట్టిన బాత్రూములున్న చోటు వెతికి ఖాయం చేశాం. మొదటిసారి వెళ్ళేవాళ్ళెవరైనా ఆ వరసలోనే వెళ్ళండి. కాపురాలు నిలుస్తాయి.

ఇక టెంటు. మాకు టెంటంటే టెంటు హౌసే. తెలిసినాయనే కదాని వెళ్ళి అడిగాను. "ఎన్ని కుర్చీలండీ?" అన్నాడు. కుర్చీలక్కర్లేదు, రాత్రి పడుకోడానికన్నాను. కాసేపు నా మొహం చూసి, "మైకు సెట్టు కూడా వద్దాండీ?" అన్నాడు. లాభం లేదని రాజమండ్రి వెళ్ళి, ఆటవస్తువులమ్మే ఓ పెద్ద కొట్లో దూరాను.

అక్కడి కుర్రాడు గొడుగంత సంచి ఒకటి చేతికిచ్చి, "ఫోర్ పర్సన్ అండి" అన్నాడు. విప్పించి కొలిచాను. నేల ఏడడుగులకి ఎనిమిదడుగులు. మనిషికి రెండడుగుల వెడల్పు. రెండడుగుల్లో నా పొట్ట హాయిగా పడుకుంటుంది, మరి నేనెక్కడ పడుకోవాలి? ఆ లెక్క కట్టినవాళ్ళు నలుగురిని చాప మీద అప్పడాల్లా పరచలేదు, ఆత్రేయపురం పూతరేకుల్లా మడిచి పేర్చి ఉంటారు. సామాన్లకైతే జాగా లెక్కలోనే లేదు. తర్వాత తెలిసింది, ఇంట్లో ఎంతమందో దానికి ఇద్దర్ని కలిపి ఆ సైజు కొనాలిట. ఆరుగురిది అడిగితే రేటు విని, నలుగురం సర్దుకుపోయే మనుషులమేనని తేల్చుకున్నాను.

టెంటు గుడ్డ మీద 2000 మిల్లీమీటర్లు అని రాసుంది. మా కోనసీమలో ఏడాది పొడుగునా కురిసిన వానంతా కలిపినా అంతుండదు. ఇక దీనికి తిరుగులేదని మురిసిపోయాను. అది వాన లెక్క కాదుట. గుడ్డ మీద గొట్టం నిలబెట్టి నీళ్ళు పోసుకుంటూ పోతే, ఎంత ఎత్తు దాకా చుక్క దిగకుండా ఆగుతుందో ఆ లెక్క. అంటే రెండు మీటర్లు. పైకప్పుకి ఆ మాత్రం చాలు. నేలగుడ్డకి మాత్రం ఇంకా గట్టిది కావాలి, తడి నేల మీద మన మోకాళ్ళూ మోచేతులూ పడి నొక్కుతాయి కనక. కుర్రాడు ఇది చెప్పలేదు. నేలగుడ్డ తడిసి నా మోచెయ్యే చెప్పింది.

స్లీపింగ్ బ్యాగు దగ్గర ఇంకో పంచాంగం. దాని చీటీ మీద మూడు అంకెలు: కంఫర్ట్ 10, లిమిట్ 6, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 5. కుర్రాడు మూడోదాని మీద వేలు పెట్టి, "మైనస్ అయిదులో కూడా పడుకోవచ్చండీ" అన్నాడు. ఆ అంకెకి అర్థం నిద్ర కాదుట. అంత చలిలో ఓ ఆరుగంటలు ప్రాణం పోకుండా ఉంటుందని మాత్రమేట. మనలాంటి వాళ్ళు చూసుకోవాల్సింది మొదటి అంకె. అసలు మా ఊళ్ళో థర్మామీటరు ఇరవైకి దిగితే మఫ్లర్లు బయటికొస్తాయి. పద్దెనిమిదికి దిగితే మంకీ టోపీల్లో ఎవరెవరో పోల్చుకోలేక, బాకీ ఉన్నవాళ్ళు కూడా ధైర్యంగా తిరుగుతారు. మాకు మైనస్ అయిదుతో పనేవిటి?

ఖరీదైన రకంలో బాతు నూగు కూరతారు. తేలికా, వెచ్చనా. కానీ తడి తగిలితే ఉండ కట్టి ఉత్త సంచైపోతుంది. విస్తట్లో అప్పడం అన్నం కలిపేలోగా మెత్తబడే గాలి మాది. బాతు నూగు ఏ మూలకి? సింథటిక్ దూదివే కొన్నాను. ఒకటి అక్కడే తొడుక్కుని చూశాను. కాళ్ళ దగ్గర సన్నం, భుజాల దగ్గర వెడల్పు, మెడ దాకా జిప్పు. చేతులు లోపలే. ముక్కు మీద దోమ వాలింది. పనసాకు బుట్టలో ఉడికే పొట్టిక్క బాధేవిటో నాకు ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత గాలి పరుపు. ఊరూరా కొబ్బరిపీచు పోగులున్న కోనసీమలో పుట్టి, పీచు పరుపుల మీద పెరిగి, డబ్బులిచ్చి గాలి కొనుక్కొచ్చాను. మా అమ్మ ఏమీ అనలేదు. పరుపుని ఒకసారి వేలితో నొక్కి, "దీని కిందేవేస్తావు?" అంది అంతే.

అప్పుడు దిగాడు మా బావమరిది. కువైట్లో పదకొండేళ్ళు ఓ ఇంట్లో డ్రైవరుగా చేసి తిరిగొచ్చినవాడు. మా వైపు వీధికొకరు కువైట్లోనో మస్కట్‌లోనో ఉంటారు కాబట్టి ఆ దేశాల సంగతులు మాకు కాకినాడ కంటే బాగా తెలుసు. అయినా ఇది తెలీదు. అక్కడ నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా గుడారాల సీజనుట. ఊరంతా ఎడారిలోకి వెళ్ళి డేరాలేసుకుంటుందిట. నా టెంటు పుల్లలు చూసి, "బావగారూ, ఇది పిల్లలాట. మా కఫీలుది, అదే మా యజమానిది, తివాచీ, సోఫా, జనరేటరు అన్నీ ఉన్న డేరా. అంతా నేనే వేసేవాణ్ణి" అన్నాడు. అని, రెండు నిమిషాల్లో టెంటు నిలబెట్టేశాడు.

వాకిట్లోనే ఎందుకంటే, జాగా సమస్య. టెంటుకి పదడుగుల ఖాళీ చోటు కావాలి, పైన కొబ్బరిచెట్టు ఉండకూడదు. రాజోలు చుట్టుపక్కల ఈ రెండూ ఒక్కచోట దొరికితే రియలెస్టేటు వాడు ముందే దిగిపోతాడు. మా దొడ్లో ఎటు చూసినా గెలలే. గెల లేని చోట ఇవాళో రేపో అన్నట్టు ఎండుమట్ట వేలాడుతుంటుంది. అందుకనే వాకిట్లో వేశాం, అందుకనే ఎదురింటాయన చొక్కా తొడుక్కున్నాడు. వాకిట్లో ఒండ్రుమట్టి. మేకు వెన్నలో కత్తిలా దిగింది, అలాగే పైకొచ్చింది. బావమరిది నాలుగు సిమెంటు సంచుల్లో ఇసక నింపి, తాళ్ళు కట్టి, గోతుల్లో పాతేశాడు. "ఎడార్లో మేకు నిలవదు బావగారూ. బరువు పాతాలి" అన్నాడు.

ఆ రాత్రి రిహార్సలు. దోమలు రాకుండా జాలీ జిప్పు వేశాం. చలని పైగుడ్డా మూసేశాం. పడుకుని పైకి చూస్తుంటే అనుమానమొచ్చింది. నాలుగు కర్రలు, పల్చటి గుడ్డ, అంచులు కిందికి దోపి లోపల ముడుచుకోవడం. దీన్నే కదా మేం పుట్టిన దగ్గర్నించీ దోమతెర అంటున్నాం? డబ్బు పోసి కొన్నానని తెలిస్తే మా అమ్మ...

రాత్రి రెండింటికి దబ్బుమంది.

ఎదురింటాయన చెట్టొకటి మా వైపుకి కాస్త వాలుతుంది. కాయల దింపు తీసి నెలన్నర దాటింది. ఆయన పొద్దున చేసిన పరామర్శకి చెట్టు సాక్ష్యం తెచ్చినట్టు, టెంటుకి నాలుగడుగుల్లో కాయ పడింది. జిప్పు తీసి సంచిలోంచి బయటికొచ్చేంత తీరిక ఎవరికీ లేకపోయింది. సంచుల్లోనే లేచి నిలబడి, గోనెసంచి పరుగుపందెంలో లాగా నలుగురం గెంతుకుంటూ అరుగు చేరాం. మా అబ్బాయి ఫస్టొచ్చాడు.

తెల్లారాక చూస్తే టెంటు లోపలంతా చుక్కలు. "రెండు వేల మిల్లీమీటర్లన్నారు, లోపలే కురిసిందేవండీ?" అంది మా ఆవిడ. అది వాన కాదు, మా ఊపిరే. కిటికీలన్నీ బిగించి నలుగురు గాలి వదిలితే, ఆ చెమ్మ చల్లటి గుడ్డకి తగిలి నీళ్ళవుతుంది. చలేసినా సరే పైన ఓ కిటికీ తెరిచి ఉంచాలి. కిందనుంచి మాత్రం వీపు గడ్డకట్టింది. సంచి మన బరువుకి కింద నలిగిపోతుంది, నలిగిన దూది వెచ్చబెట్టదు. గాలి పరుపులో ఉన్నదీ చల్లగాలే.

కాఫీలప్పుడు మా అమ్మ అంది: "అందుకే అడిగాను, కిందేవేస్తావని. వరిగడ్డి పరిచి, దాని మీద బరకం వేసి, పైన బొంత పరిస్తే నేల చలి రాదు."

"నీకెలా తెలుసు మామ్మా?" అంది మా అమ్మాయి.

"నేను క్యాంపింగు ఎనభై ఆరులోనే చేసేశానే."

1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. అప్పుడు మేం లంకలో ఉండేవాళ్ళం. నాకు ఆరేళ్ళు. ఇల్లొదిలేసి ఏటిగట్టెక్కాం. నాకు ఆ రోజులు పండగలా గుర్తు. బడి లేదు. గట్టు పొడుగునా లాంతర్లు. ఎవరో పంచిన పులిహోర పొట్లాలు. ఊరి పిల్లలందరం ఒకే బరకం కింద. ఇన్నాళ్ళూ అది నా చిన్నతనంలో జరిగిన గొప్ప పిక్నిక్కనే అనుకుంటున్నాను.

"ఎంతమంది పట్టారు మామ్మా?"

"పదకొండుమందిమి. ఎంతమంది పట్టేదో దాని మీద రాసి లేదు మరి."

మారేడుమిల్లికి గాలి పరుపు రాలేదు. తుంగచాపలూ, పాతచీరలతో కుట్టిన రెండు బొంతలూ వచ్చాయి. కార్లో వాటికి జాగా చాలక ఒక పెట్టె దించేశాం. రావులపాలెం, రాజమండ్రి, రంపచోడవరం దాటి ఘాటెక్కేసరికి సాయంత్రమైంది. బావమరిది టెంటు వేసి, తాళ్ళు బిగించి, బొంగులో చికెన్ తిని, "నేను కార్లో పడుకుంటాను బావగారూ, అలవాటే" అన్నాడు.

"పదకొండేళ్ళు టెంట్లేశావు, దాంట్లో పడుకోవా?" అన్నాను.

"ఎప్పుడూ పడుకోలేదండీ. అది వాళ్ళది కదా. మనది బండిలోనే."

పిల్లలు వాడి చెరో చెయ్యీ పట్టుకుని లోపలికి లాక్కుపోయారు. నలుగురి టెంట్లో అయిదుగురం. ఒకరు పక్కకి తిరగాలంటే తీర్మానం పెట్టి అందరూ ఒప్పుకోవాలి. అయిదు నిమిషాల్లో వాడి గురక మొదలైంది. పదకొండేళ్ళ బాకీ వసూలు చేస్తున్నట్టు పెట్టాడు. బొంత పుణ్యమా అని వీపు వెచ్చగానే ఉంది. కానీ నాకు నిద్ర రాలేదు. ఆకు రాలితే పామేమో. కుక్క అరిస్తే ఏం చూసి అరిచిందో. అబ్బాయి కాలు సంచిలోంచి బయటికొచ్చిందేమో. కిటికీ తెరిచానా లేదా. ఫోను లైటేసి, ఒక్కొక్కళ్ళ మెడ దగ్గరా జిప్పు సర్ది, మళ్ళీ వినడం. తెల్లారేదాకా అదే పని.

పొద్దున్న పొగమంచులో పిల్లలు ఒళ్ళు విరుచుకుని, "భలే నిద్రపట్టింది నాన్నా! మళ్ళీ ఎప్పుడొద్దాం?" అన్నారు. మా బావమరిది తొమ్మిదింటిదాకా లేవలేదు.

రాజోలు చేరాక, బూజు పట్టకుండా టెంటుని వాకిట్లో దండెం మీద ఆరేశాను. ఎదురింటాయన గుమ్మంలోంచే చూసి, ఈసారి చొక్కా తొడుక్కోలేదు. అమ్మ నా మొహంలోకి చూసి, మంచినీళ్ళ గ్లాసిచ్చింది.

"నిద్రపట్టిందిరా?"

"పిల్లలకి పట్టిందమ్మా."

"నీకు?"

నేను నీళ్ళు తాగుతున్నట్టు ఊరుకున్నాను. అమ్మ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్తూ, "ఎనభై ఆరులో నువ్వూ బాగానే పడుకున్నావులే" అంది.