నూలుదైతే ఇయ్యి బిడ్డా

నా దగ్గర ఏడు పాత ఫుట్‌బాల్ జెర్సీలున్నాయి. ఏడూ ఒకే క్లబ్బువి, ఏడూ నాకు పొట్ట దగ్గర పట్టవు. క్లబ్బు పేరు బ్లాక్‌బర్న్ రోవర్స్. ఇంగ్లండులో 1875లో పుట్టింది. 1888లో ఫుట్‌బాల్ లీగు మొదలైనప్పుడు చేరిన పన్నెండింటిలో ఒకటి. నిజామాబాద్‌లో ఖలీల్‌వాడి నుంచి వర్ని చౌరస్తా దాకా వెతికినా ఈ సరుకున్న ఇల్లు మాదొక్కటేనని నా ధీమా. పోటీ లేని చోట ఫస్టు ర్యాంకు కొట్టడంలో సుఖమే వేరు.

అసలు ఫుట్‌బాల్ ఆడేవాళ్లు మా ఊరికి వేరే ఉన్నారు లెండి. గుగులోతు సౌమ్య క్రొయేషియా దాకా పోయి డైనమో జాగ్రెబ్‌కు ఆడొచ్చింది, 2024-25కి దేశంలోనే ఉత్తమ క్రీడాకారిణి అనిపించుకుంది. ఆ పిల్ల గోల్స్ కూడబెడితే నేను బట్టలు కూడబెట్టాను.

ఈ జెర్సీ నిలువునా సగం నీలం, సగం తెలుపు. అర్ధనారీశ్వరుడికి కొలతలు తీసి కుట్టినట్టుంటుంది. చూసినవాళ్లంతా దర్జీకి గుడ్డ చాలలేదా అని అడుగుతారు. ఆ తర్వాతి ప్రశ్న, మాంచెస్టర్, లివర్‌పూల్ ఉండగా ఇదెందుకని. కోడిగుడ్డు వల్ల అంటాను. పేపర్లో రోజూ ఎన్ఈసీసీ గుడ్డు ధర వేస్తారు చూడండి, 1982లో ఆ సంస్థకు ఊపిరి పోసింది బి.వి.రావు. మన హైదరాబాదాయన, పుణె వెళ్లి వెంకటేశ్వర హేచరీస్ పెట్టాడు. ఆయన పిల్లలు 2010 నవంబరులో రెండు కోట్ల ముప్పై లక్షల పౌండ్లకు ఈ క్లబ్బును కొన్నారు. మన కోడి సీమకు పోయి జెండా పాతిందని ఆ రోజు పొంగిపోయాను. పొంగు దిగడానికి ఏడాదిన్నర చాలింది. 2012 మేలో జట్టు ప్రీమియర్ లీగు నుంచి జారిపోయిన మ్యాచ్‌లో, ఒళ్లు మండిన అభిమానులెవరో క్లబ్బు జెండా చుట్టి బతికున్న కోడిని మైదానంలోకి వదిలారు. ఆ సాయంత్రం మావాళ్లలో హుషారుగా పరుగెత్తింది అదొక్కటే.

అప్పటికే నాకు పిచ్చి పట్టేసింది. మా బామ్మర్ది మాంచెస్టర్‌లో ఉంటాడు. అక్కడ జనం దానమిచ్చిన పాత బట్టలమ్మే దుకాణాలు ఉంటాయట. వాడొచ్చినప్పుడల్లా అందరికీ చాక్లెట్లు, నాకు ఎవరో తొడిగి విడిచిన జెర్సీ. తొలి రోజుల్లో మా ఆవిడ దాన్ని తమ్ముడి ప్రేమ అనుకుంది.

ఏడింటిలో మహారాజు 1994-95ది. ఆ ఏడు మావాళ్లు 89 పాయింట్లతో ఛాంపియన్లు, మాంచెస్టర్ యునైటెడ్‌కు 88. చివరి రోజు లివర్‌పూల్‌లో మావాళ్లు ఓడిపోయారు, అటు యునైటెడ్ గెలవాల్సిన ఆట డ్రా చేసుకుంది. ఓడి కప్పు ఎత్తుకున్నారన్నమాట. ముప్పైనాలుగు గోల్స్ కొట్టిన షియరర్‌ను కొనితెచ్చింది జాక్ వాకర్ అనే ఊరి ధనవంతుడు, స్టీలు వ్యాపారంలో సంపాదించినవాడు. ఈ స్టీలు మాట గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది. జెర్సీ మీద ఎద నిండా 'మెక్యూవన్స్ లాగర్' అని ఉంటుంది. అదేమిటని నాయిన అడిగితే బీరు అని చెప్పాను.

"కోడళ్లు తిరిగే ఇంట్ల బీరు అంగీ తొడుగుతవారా?"

తొడగను నాయినా, పట్టదు.

పాత జెర్సీ అసలుదో నకిలీదో తేల్చడం ఒక విద్య. మెడ వెనక లేబులు ఉతికి ఉతికి వెలిసిపోయి ఉండాలి. ఎద మీది అక్షరాల్లో సన్నని పగుళ్లుండాలి. ముప్పై ఏళ్ల జెర్సీ నిన్నటి పెళ్లికొడుకులా మెరిస్తే డబ్బు వెనక్కి అడగాలి. ఇంత తెలిసీ ఒక నకిలీ కొన్నాను. అది ఏడింటిలో ఏదో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నాయినకు ఈ గొడవలో నచ్చింది ఒక్క ముక్కే. బ్లాక్‌బర్న్ ఒకప్పుడు మన దేశానికి ధోవతులు నేసి పంపిన ఊరు. 1931లో గాంధీ లండన్ వెళ్లినప్పుడు, మన బహిష్కరణ దెబ్బకు పని పోయిన మిల్లు కార్మికులను చూడటానికి పక్కనున్న డార్వెన్‌కు పోయాడు. నాయిన బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్‌లో పనిచేసినవాడు. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది.

"మిల్లులన్నీ మూసిండ్రా?" అన్నాడు.

"మూసిండ్రు."

"మళ్ల తెరుస్తమని ఎవలన్న చెప్తున్నరా?"

నా దగ్గర జవాబు లేకపోయింది.

మొన్న నేను స్నానం చేసి వచ్చేసరికి గుమ్మంలో పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ముసలామె కూర్చుని ఉంది. ఆమె చేతిలో నా 1994-95. మా ఆవిడ ముందు టిఫిన్ డబ్బా. గుండె ఆగినంత పనైంది. ముసలామె లేబులు చూడలేదు, పగుళ్లు చూడలేదు. అంచు పట్టి రెండు వేళ్ల మధ్య నలిపింది, వెలుగుకు పట్టింది, ఒడిలోంచి తీసి మా ఆవిడ కాళ్ల దగ్గర పెట్టింది.

"ఇది నూలు కాదు. ఇల్లు తుడ్వనీకి సుత పనికిరాదు, నీళ్లు గుంజదు. నూలుదైతే ఇయ్యి బిడ్డా."

మనకు ధోవతులు పంపిన ఊరి పరువు స్టీలు డబ్బా ముందు పోయింది. స్టీలు డబ్బుతో గెలిచిన కప్పు జెర్సీకి గరిటె కూడా రాలేదు.

అప్పుడే ఆమె కన్ను దండెం మీద పడింది. నాయిన ఖాకీ అంగీ, ఫ్యాక్టరీది. జేబు కింద మొలాసిస్ మరక ఇన్నేళ్లయినా పోలేదు. "అగో, అది నూలు. దానికి డబ్బా ఇస్త, మీద గిన్నె ఇస్త" అంది. మా ఆవిడ నోరు తెరిచేలోపే, మోకాళ్ల నొప్పులతో మంచం దిగడానికి పది నిమిషాలు తీసుకునే నాయిన వాకిట్లో ఉన్నాడు. అంగీ దండెం మీద లేదు.

ఆ రాత్రి ఏమీ అనకుండా దాన్ని మడతపెట్టి నా అలమార పై అరలో పెట్టాడు. ఇప్పుడు అక్కడ ఎనిమిదున్నాయి. ఏడు బ్లాక్‌బర్న్‌వి, ఒకటి శక్కర్‌నగర్‌ది, సైజు 38. అదీ నాకు పట్టదు.