ఓరుగల్లు ఎండలో పాముకు చల్లటి మూల

సర్పపోషణ గురించి వెలువడే గ్రంథాలన్నీ ఒకే ఆదేశం చుట్టూ తిరుగుతాయి: పాము నివసించే పెట్టెలో ఒక కొస వెచ్చగాను, మరొక కొస చల్లగాను ఉండాలి. భయం వేస్తే బంతిలా చుట్టుకుపోయే అలవాటున్న బాల్ పైథాన్ అనే పశ్చిమాఫ్రికా కొండచిలువకైతే వెచ్చటి కొస 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, చల్లటి కొస 24 నుంచి 27 డిగ్రీలు ఉండాలని, ఈ రెంటి మధ్య వేడిమి క్రమంగా మారుతూ రావాలని, ఆ క్రమానికే ఉష్ణోగ్రతా ప్రవణత అని పేరనీ అవి బోధిస్తాయి. సిద్ధాంతంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు హనుమకొండలో ఒక మేడమీది గదిలో థర్మామీటరు పెట్టి చూస్తే పెట్టెలోని వెచ్చటి కొస 39 డిగ్రీలు, చల్లటి కొస 38 డిగ్రీలు చూపుతుంది. ప్రవణత లేదని ఎవరూ అనలేరు.

ఈ గ్రంథాలను రాసినవారు గదిలో ఏడాది పొడవునా 20 డిగ్రీలుండే దేశాలవారు కనుక, వారి దృష్టిలో పాముకున్న ఏకైక శత్రువు చలి. పెట్టె అడుగున పరిచే హీటింగ్ ప్యాడ్ గురించి ఒక అధ్యాయం, వెలుగు లేకుండా వేడినిచ్చే సిరామిక్ బల్బు గురించి ఒక అధ్యాయం, వేడి హద్దు దాటగానే కరెంటును తానే ఆపివేసే థర్మోస్టాట్ గురించి రెండు అధ్యాయాలు రాసి, చివరికి అలసిపోయి, వేసవిలో గది మరీ వేడెక్కితే పామును ఇంట్లోని చల్లటి గదికి మార్చాలని ఒక్క వాక్యంతో వారు చేతులు దులుపుకుంటారు. వరంగల్ గృహస్థు ఆ వాక్యం దగ్గరే ఆగిపోయి రోజుల తరబడి పళ్లు నూరుతుంటాడు. ఇంట్లో అటువంటి గది ఒకటుందని తెలిస్తే మార్చి నెలలోనే ఆయన తన చాప, దిండుతో సహా అందులోకి కాపురం మార్చి ఉండేవాడు.

శాస్త్రం మాత్రం ఈ విషయంలో మొహమాటపడదు. పాము బాహ్యోష్ణ జీవి, అంటే తన ఒంటి వేడిని పరిసరాల నుంచి తెచ్చుకునే ప్రాణి. తిన్న ఎలుక అరగాలంటే దానికి వెచ్చదనం కావాలి. అది చాలకపోతే ఎలుక కడుపులోనే కుళ్లి వెనక్కి వస్తుంది. వేడి ఎక్కువైతే పరిస్థితి ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే పాముకు చెమట గ్రంథులు లేవు, తడిగుడ్డ కప్పుకునే యోగం లేదు, మజ్జిగ తాగే అలవాటు అంతకన్నా లేదు. దానికి తెలిసిన ఉపాయం ఒక్కటే: వేడిగా ఉన్న చోటు విడిచి చల్లగా ఉన్న చోటికి పాకిపోవడం. నాలుగు అడుగుల అద్దాల పెట్టెలో అటువంటి చోటు లేకపోతే ఆ ఉపాయం అక్కడితో ఆఖరు. ఆ పెట్టెను అందంగా కనిపిస్తుందని కిటికీ పక్కన పెట్టిన పక్షంలో, ఎండ అద్దంలోంచి లోపలికి దూరినంత సులువుగా వేడి బయటికి రాదు కనుక, పాము కొద్దిసేపట్లోనే చచ్చిపోగలదు.

ఇక్కడ చట్టం గురించి ఒక ముక్క చెప్పడం అవసరం. నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు, మన కొండచిలువ వంటి దేశవాళీ పాములను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2022 సవరణ తరువాత మొదటి షెడ్యూలులోని ప్రాణుల విషయంలో శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల వరకు పోవచ్చు. వరంగల్‌లోని పాత సెంట్రల్ జైలును 2021లో కూల్చి ఆ స్థలాన్ని పెద్దాసుపత్రి కట్టడానికి ఇచ్చారు కనుక, ఆ శిక్షను ఆ పాత గోడల మధ్య అనుభవించే సౌకర్యం కూడా ఇప్పుడు లేదు. బాల్ పైథాన్ వంటి విదేశీ పామునైతే, అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం పరిధిలో అది ఉన్నందున, 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. నమోదుకు కాగితాలు దొరుకుతాయి. 26 డిగ్రీలే దొరకవు.

అంగట్లో అమ్మే పరికరాలు ఈ బాధను తగ్గించకపోగా వెక్కిరిస్తున్నట్టుంటాయి. వాటిలో ఒకటి వేడిరాయి, అంటే లోపల కరెంటు తీగ అమర్చిన ఒక కృత్రిమ బండ. పాము దానిమీద పడుకుని కాచుకోవాలని తయారీదారుల ఉద్దేశం. అది అక్కడక్కడ మితిమీరి కాలి పాము పొట్టను బొబ్బలెక్కిస్తుందని అనుభవజ్ఞులు దానిని ఎప్పుడో వెలివేశారు. పద్మాక్షి గుట్ట, గోవిందరాజుల గుట్ట పగలంతా కాగి రాత్రి పొద్దుపోయేదాకా సెగలు కక్కే ఊరికి మరొక రాయిని పార్సిల్‌లో తెప్పించి, దానికి ప్లగ్గు పెట్టి కాల్చడం ఎటువంటి వ్యాపారమో అర్థం కాదు. ఉష్ణోగ్రత కొలిచే పద్ధతిలోనూ అంతే అయోమయం: పెట్టె గోడకు పైన అంటించిన గుండ్రటి మీటరు పైనున్న గాలి వేడిని చెబుతుంది, పాము మాత్రం కింద ఉంటుంది. కొలిచే మొన పాము పడుకునే చోటే, నేలమీదే ఉండాలి. 2020లో ప్రతి గుమ్మం దగ్గరా జనం నుదుటికి గురిపెట్టిన తుపాకీ థర్మామీటర్లను ఇప్పుడు పాము మీదికి తిప్పేవారున్నారు కానీ, అవి మనిషి జ్వరానికి చేసినవి. పాము పెట్టెకు వేరే రకం కావాలి.

చల్లదనం విషయంలో ఓరుగల్లు మధ్యతరగతికి ఉన్న ఏకైక ఆయుధం కూలర్ కనుక, దాని గురించి కొంత విస్తరించక తప్పదు. కూలర్ అంటే మూడు పక్కల గడ్డి తడికెలు, అడుగున నీళ్ల తొట్టి, నీటిని పైకెక్కించే చిన్న పంపు, ముందు పంకా ఉన్న ఇనుప పెట్టె. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాక్కుంటుంది; అలా గాలి ఎంతవరకు చల్లబడగలదో ఆ హద్దును తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. బయట 43 డిగ్రీలుండి గాలిలో తేమ 20 శాతమే ఉన్న రోజున ఆ హద్దు దాదాపు 25 డిగ్రీలు. మంచి గడ్డి, నిండు తొట్టి ఉన్న కూలర్ అంత దూరం పోలేకపోయినా 28, 29 డిగ్రీల గాలిని ఇవ్వగలదు. ఇది పాముకు చాలా దగ్గరి అంకె. కాబట్టి శాస్త్రరీత్యా సమస్య తీరినట్టే.

ఆచరణలో ఆ గడ్డి ఉగాదికి మార్చాల్సింది, వచ్చే ఆదివారం మారుద్దామంటూ రోహిణి కార్తె దాకా సాగుతుంది. బోరు నీటిలోని ఉప్పు పేరుకుని తడికెలు సున్నపు గోడలవుతాయి. పంపు ఏప్రిల్‌లో గొణుగుతుంది, మేలో మూలుగుతుంది, సరిగ్గా రోళ్లు పగిలే రోజున మౌనం వహిస్తుంది. దానిని విప్పి చూస్తే నోటిలో ఒక గడ్డిపోచ ఉంటుంది. తొట్టి నింపడం ఎవరి వంతన్నది ఏ కుటుంబంలోనూ నేటికీ తేలని రాజ్యాంగ సమస్య. కూలర్ పనిచేయాలంటే ఎదుటి కిటికీ తెరిచి ఉండాలని, లేకపోతే తేమ లోపలే చిక్కుకుని గది ఇడ్లీపాత్ర అవుతుందని ఒకరు వాదిస్తారు; చల్లగాలి బయటికి పోతుందని మరొకరు వచ్చి ఆ కిటికీ మూసిపోతారు. మొదటివారు తెరుస్తారు, రెండోవారు మూస్తారు, మూడోవారు వచ్చి కూలర్ మూతి తమ మంచం వైపు తిప్పుకుంటారు. ఆ మూతికున్న రెక్కలు అటూ ఇటూ కదలాలని కంపెనీవారు పెట్టిన చిన్న మోటారు మొదటి వేసవిలోనే చచ్చిపోతుంది కనుక, గాలి ఎటు పోవాలన్నది చేతి బలాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ఈ పంపకంలో పాము వాటా చివరిది. తీరా దాని వైపు గాలి తిరిగిన నాటికి మృగశిర ప్రవేశించి, నాలుగు చినుకులు పడి, తేమ 70 శాతానికి ఎక్కుతుంది. 34 డిగ్రీల రోజున కూడా కూలర్ 30 కన్నా కిందికి దించలేదు, పైగా పెట్టెలో చెమ్మ నిలిచి పాము పొట్టకింది పొలుసులకు పుండ్లు పడే ప్రమాదం వస్తుంది. అప్పుడు కూలర్‌ను ఆపి, దానిమీద దుప్పటి కప్పి, ఉతికిన బట్టలు పెట్టుకునే బల్లగా వాడుకుంటారు. ఆ పాత్రను మాత్రం అది లోపం లేకుండా నిర్వహిస్తుంది.

ఏసీ బిగిస్తే సరిపోతుంది కదా అనేవారున్నారు. సరిపోతుంది, కానీ ఇంటి పెద్దలు హాల్లో విసనకర్రతోను, పాము 26 డిగ్రీల గదిలోను ఉన్న ఇంటికి బంధువులు వస్తే జరిగే సంభాషణ ఏ థర్మోస్టాట్‌కూ లొంగదు. గడ్డకట్టించిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక మూల ఉంచడం, తడిపిన మట్టికుండను బోర్లించి దానికి ఒక ద్వారం చెక్కి పాముకు గుహగా ఇవ్వడం వంటివి చవకైన మార్గాలు. మంచినీళ్ల మట్టికుండ అయిన రంజన్‌లోని నీటిని చల్లబరిచే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది కనుక రెండోది మేలు. హంటర్ రోడ్డులోని కాకతీయ జంతుప్రదర్శనశాలలో సైతం వేసవి రాగానే నీడవలలు కట్టడం, నీళ్లు చిమ్మడం, కూలర్లు పెట్టడం మొదలవుతుంది. అంతటి సంస్థకే వేరే మంత్రం తెలియదు.

హీటింగ్ ప్యాడ్ పూర్తిగా వృథా అనడం కూడా అన్యాయమే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పట్టణం 15 డిగ్రీలకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగుతుంది. ఆ కొద్ది వారాలు దానికి పని ఉంటుంది. అయితే వేడిని పుట్టించడంలో కొండచిలువ జాతి మనిషి సాయం లేకుండానే కొంత సాధించింది. గుడ్లను చుట్టుకున్న తల్లి కొండచిలువ ఒళ్లు వేడెక్కుతుందని లమార్ పికో అనే ఫ్రెంచి యాత్రికుడు భారతదేశంలో చూసి 1832లో చెబితే పండితులు వెంటనే నమ్మలేదు. 1841లో వలాన్‌సియెన్ అనే జంతుశాస్త్రవేత్త పారిస్‌లో కొలిచి చూశాడు. 1966లో న్యూయార్క్ జంతుప్రదర్శనశాలలోని ఒక తల్లి మీద హచిసన్, డౌలింగ్, వైనగర్ జరిపిన పరిశీలనలో అసలు కిటుకు నిర్ధారణ అయింది: గాలి చల్లబడినకొద్దీ ఆమె కండరాలను లయగా వణికిస్తూ, ఆ వణుకుతో పుట్టిన వేడిని గుడ్లకు అందిస్తుంది. ఇంతటి నేర్పరికి కూడా ఒంటిని చల్లబరచుకునే విద్య మాత్రం లేదు. వేడికి జవాబుగా ఆమె చేయగలిగింది సాధారణ పాము చేసేదే, లేచి వేరే చోటికి పోవడం.

ఆ వేరే చోటు చాలాసార్లు చెదలు కట్టిన పుట్ట. 2015లో హంటర్ కింగ్, శామ్యూల్ ఓకో, ఎల్. మహదేవన్ అనే శాస్త్రవేత్తలు బెంగళూరులో మన ప్రాంతపు చెదల పుట్టలనే పరిశీలించి, పగటి ఎండకు పుట్ట అంచులు ముందుగా వేడెక్కినప్పుడు గాలి అంచుల వెంట పైకి, నడిమి గొట్టం వెంట కిందికి తిరుగుతుందని, రాత్రి అంచులు చల్లారగానే ఆ దిశ తారుమారవుతుందని నిరూపించారు. పగలూ రాత్రీ మధ్య ఉన్న తేడానే ఇంధనం చేసుకుని పుట్ట ఊపిరి పీలుస్తుందన్నమాట. నేల లోతున ఉన్న దాని గదుల్లో ఎండాకాలపు మధ్యాహ్నపు సెగ చేరదు. ప్లగ్గు లేదు, పంపు లేదు, గడ్డి మార్చే పని అసలే లేదు. అద్దె కూడా కట్టకుండా పాము అందులో చేరుతుంది.

పాము పెట్టెకు రెండు కొసలుండాలన్న నియమం వెనుక ఒక మర్యాద ఉంది: ఎక్కడ ఉండాలో ఎంచుకునే హక్కును ఆ ప్రాణికి వదిలిపెట్టడం. నగరంలో రేకుల కప్పు కింద ఒకే గదిలో కాపురముండే కుటుంబాలకు ఆ మర్యాద దక్కలేదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బయటికి రావద్దని వేసవి హెచ్చరికలు ఏటా చెబుతాయి. లోపల నెత్తిమీద రేకు కాలుతుంటే, బయట కూలి పని ఆగితే పూట గడవకపోతే, ఆ హెచ్చరికను పాటించేదెలాగో అవి చెప్పవు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది పేదలు, ఎండలో పనిచేసేవారు, వృద్ధులు. ఆ లెక్క తెలిసిన తరువాత బాల్ పైథాన్ చల్లటి కొస రెండు డిగ్రీలు ఎక్కువైందని చింతించడం కొంత సిగ్గుగానే ఉంటుంది.

ఇంతకీ ఊరి పాములు ఏ గ్రంథమూ చదవకుండానే తమ చల్లటి మూలను తామే వెతుక్కుంటాయి. వేసవిలో అవి స్నానాల గదిలో, రంజన్ కింది ఇసుక దగ్గర, కారుతున్న నల్లా పక్కన, కొండొకచో కూలర్ వెనుక తడి నీడలో కనిపించడానికి కారణం ఇదే; పగ కాదు, పూర్వజన్మ బాకీ కాదు. కనుక తొట్టిలో చెయ్యి పెట్టేముందు టార్చిలైటు వేసి చూడాలి, కూలర్ చుట్టూ పాత సామాను పేర్చకూడదు. పాము కనిపిస్తే పిల్లలను దూరంగా పంపి, కర్ర కోసం వెతక్కుండా అటవీశాఖకో, శిక్షణ పొందిన పాములు పట్టేవారికో ఫోన్ చేయాలి. ఒకవేళ కాటు పడితే మంత్రం వేసేవారి ఇంటికి కాక నేరుగా వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రికి పోవాలి. విరుగుడు మందు దొరికేది ఆసుపత్రిలోనే.