యూరిన్ కాల్షియం పరీక్షలో గట్టెక్కడానికి ఏడు చిట్కాలు

కిడ్నీలో రాయి పడింది. ఇరవై నాలుగు గంటల యూరిన్ పట్టి తెమ్మని డాక్టరుగారు రాశారు. ల్యాబువాళ్లు చేతిలో పెద్ద డబ్బా పెట్టారు. కంగారు పడకండి. రాయి ఎందుకు పడిందో తేల్చుకోవడం ఆయన తలనొప్పి. మామూలు తిండి తినేవాళ్లకి రోజుకి సుమారు 100 నుంచి 300 మిల్లీగ్రాముల కాల్షియం పోవడం నార్మల్. ఒళ్లు అలవకుండా ఆ లెక్కలో పడటమే మన పని.

1. టైము పట్టించుకోకండి. పొద్దున లేవగానే వచ్చింది పారబోసి, టైము రాసుకుని, అప్పటినుంచి మర్నాడు లేవగానే వచ్చేదాకా మొత్తం పట్టాలంటారు. టైము దగ్గర ‘ఉదయం’ అని రాయండి, చాలు. రాత్రి సీరియళ్లు అయిపోగానే మూత బిగించి పడుకోండి. నిద్రలో కిడ్నీలు కూడా పడుకుంటాయని అనుకుంటే మనశ్శాంతి.

2. ల్యాబు డబ్బా ముట్టుకోకండి. అందులో ముందే కాస్త యాసిడ్ పోసి ఉండొచ్చు. కాల్షియం అడుగున పేరుకోకుండా కరిగి ఉండటానికట. డబ్బా అలాగే తిరిగి ఇచ్చేసి, ఇంట్లో ఉన్న కూల్‌డ్రింక్ సీసాని బోరు నీళ్లతో తొలిచి వాడండి. నీళ్లలోని కాల్షియం కాస్త అంటుకున్నా నష్టమేమీ లేదు, ఉచితమే కదా.

3. ఆఫీసులో పట్టకండి. సంచిలో డబ్బా పెట్టుకుని బాత్రూముకి వెళ్తే నలుగురూ ఏమనుకుంటారు? ఇంటికొచ్చాక తగ్గినంత నీళ్లు కలపండి. ల్యాబులో గాఢతని మొత్తం పరిమాణంతో గుణిస్తారు కాబట్టి, నీళ్లు పోసినా కాల్షియం లెక్క మారదు, పోయింది తిరిగి రాదు. కానీ సీసా నిండుగా కనిపిస్తుంది. చూసేవాళ్లకి కావలసింది అదే.

4. నీళ్లు కలపడం నామోషీ అనిపిస్తే బావమరిదిని చేబదులు అడగండి. ఇంటి అల్లుడు అడిగితే కాదనడు. రెండు కిడ్నీల పనిని నాలుగు కిడ్నీలకి పంచడమే కుటుంబం.

5. ఆ ఒక్కరోజు ఋషిలా తినండి. ఉప్పు ఎక్కువైతే కిడ్నీలు సోడియంతో పాటు కాల్షియాన్నీ బయటికి తోస్తాయి. అందుకని ఆవకాయ జాడీ ఒక్కరోజు అటకెక్కించండి, మర్నాడు దించుకోండి. రోజూ తినేదే తినమని ల్యాబువాళ్లు చెప్తే విననట్టుండండి. వేసుకునే కాల్షియం బిళ్లలు, విటమిన్ డి, బీపీ మాత్రల సంగతి డాక్టరుగారికి చెప్పకండి. ఆయన తెలివి మనమూ పరీక్షించాలి.

6. సీసాని ఫ్రిజ్‌లో పెట్టకండి, ఇంట్లో గొడవ. స్కూటర్ డిక్కీలో మధ్యాహ్నం ఎండకి వదిలేయండి. అడుగున తెల్లగా ఏదైనా పేరుకుంటే కదపకండి. పైన తేటగా ఉన్నది చిన్న సీసాలోకి వంచి ఇవ్వండి. పేరుకున్నదాంట్లోనే కాల్షియం ఉండొచ్చు. అది ఇంట్లోనే ఉండిపోతే రిపోర్టు ఇంకా అందంగా వస్తుంది.

7. దొరికిపోతే ల్యాబుని తిట్టండి. వీళ్లు కాల్షియంతో పాటు క్రియాటినిన్ కూడా చూస్తారు. మగవాళ్లకి కిలో బరువుకి రోజుకి ఇంచుమించు 20-25, ఆడవాళ్లకి 15-20 మిల్లీగ్రాములు రావాలి. బాగా తగ్గితే సగమే పట్టారని, బాగా పెరిగితే బావమరిది సాయం చేశాడని అనుమానిస్తారు. ‘మీ మెషీన్ పాతది’ అనండి. మళ్లీ పట్టమంటే ఊళ్లో పెళ్లి ఉందనండి.

నార్మల్ అని వచ్చిందా? శుభం. ఇక సొంత వైద్యం. కాల్షియం రాయి కదా అని పాలు, పెరుగు పూర్తిగా మానేయండి. పేగుల్లో ఆక్సలేట్‌ని పట్టి ఉంచే కాల్షియం తగ్గి, ఆక్సలేట్ నేరుగా కిడ్నీకి చేరుతుంది. రాయికి అంతకంటే బలమైన ఆహారం లేదు. నీళ్లు దాహమేస్తేనే తాగండి. ఏదో ఒక అర్ధరాత్రి నడుం నుంచి గజ్జల్లోకి నొప్పి దిగి మెలికలు తిరుగుతున్నా ఫైలు మాత్రం వదలకండి. క్యాజువాల్టీ డాక్టరు సూది మందు తీసేలోపే రిపోర్టు చూపించి గట్టిగా చెప్పండి: “నాకు రాయి వచ్చే ఛాన్సే లేదండీ, ఇదిగో, నార్మల్!”