మా రోజుల్లో పేజీ ఫాల్టులు లెక్కపెట్టేవాళ్లం

మొన్న ఆదివారం మనవడు రుషికొండ ఐటీ హిల్ నుంచి భీమిలి వచ్చాడు. సముద్రం వైపు కన్నెత్తైనా చూడకుండా లాప్‌టాప్ తెరిచాడు. ఆఫీసు సర్వరు నత్తనడక నడుస్తోందట. "మెమొరీ తొంభై శాతం నిండిపోయింది తాతా, రీస్టార్ట్ చేసేస్తాను" అన్నాడు. ఏది తింటోందో చూశావా అంటే, "చూసేదేముంది, మళ్లీ నిండితే ర్యామ్ పెంచుతారు" అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది.

1980ల చివర్లో విశాఖలో నేను పనిచేసిన చోట వ్యాక్స్ మెషీను ఉండేది. మెమొరీ మొత్తం 8 మెగాబైట్లు. పేజీ అంటే 512 బైట్లు. ఏ యూజరుకు ఎన్ని పేజీల వర్కింగ్ సెట్ ఇవ్వాలో కోటా మేమే రాసేవాళ్లం. పొద్దున్న వెళ్లగానే కన్సోల్ మీద 'మానిటర్ పేజ్' కొడితే మూడు సెకన్లకోసారి అంకెలు మారేవి: మొత్తం ఫాల్టులు (కావాల్సిన పేజీ వర్కింగ్ సెట్‌లో లేకపోవడాలు) ఎన్ని, మెమొరీలోని ఫ్రీ లిస్టులోనే దొరికినవెన్ని, డిస్కు నుంచి చదివినవెన్ని. మేం కంగారుపడింది ఆ చివరి అంకె చూసే.

ఒక నెలాఖరున రిపోర్టు ఎంతకీ తెమల్లేదు. డిస్కు గరగర తలుపు బయటికి వినిపిస్తోంది. ప్రోగ్రాం లిస్టింగు బల్లమీద పరుచుకుని కూర్చున్నాం. మాలో ఒక కుర్రాడు పెద్ద పట్టికను అడ్డువరసల్లో చదివించాడు. ఫోర్ట్రాన్ దాన్ని నిలువువరసల్లో దాస్తుంది. దాంతో అడుగడుక్కీ కొత్త పేజీ కావాల్సొచ్చేది. రెండు డూ లైన్లు అటూ ఇటూ మార్చాం. గరగర ఆగింది, రిపోర్టు వచ్చింది. ఒక్క బైటు మెమొరీ కొనలేదు. ఆ కుర్రాడు మళ్లీ జన్మలో ఆ తప్పు చెయ్యలేదు.

ఇప్పుడు చూడ్డానికి సాధనాలు లేవా? మాకంటే ఎక్కువున్నాయి. లినక్స్‌లో 'ఫ్రీ' కొడితే ఖాళీ తక్కువని చూపించడం జబ్బు కాదు; మిగిలిన చోటును ఫైళ్ల క్యాషేకి వాడుకుంటుంది, అడిగితే ఇచ్చేస్తుంది. అందుకే పక్కన 'అవైలబుల్' అని వేరే గడి ఉంది. వంటింట్లో గూడు నిండుగా ఉంటే తప్పేముంది? గరిటెకీ గిన్నెకీ నిమిషానికోసారి అటకెక్కాల్సి వస్తే కదా ఇల్లాలి పని ఆగేది! ఆ అటకెక్కడం, అంటే డిస్కుకి పోయి రావడం, 'వీఎంస్టాట్'లో ఎస్ఐ, ఎస్ఓ గడుల్లో కనిపిస్తుంది. అవి ఎంతసేపటికీ సున్నాకి దిగకపోతే అప్పుడు వెతకాలి, ఏ ప్రాసెస్ ఎక్కిస్తోందో.

ఇదంతా చెప్తూ కళ్లజోడు వెతుక్కుంటున్నాను. వాడు ఈలోపే రీస్టార్ట్ కొట్టేశాడు. చూడాల్సిన అంకెలన్నీ పోయాయి. "చూడు తాతా, స్పీడైపోయింది" అన్నాడు. దాన్ని తినేసింది ఏదో ఇప్పుడెవరు చెప్తారు? సాయంత్రం వాడు బస్సెక్కే ముందు చీటీ మీద ఆ రెండు కమాండ్లూ పెద్దక్షరాల్లో రాసి లాప్‌టాప్ సంచిలో పెట్టాను.