వీణ ముందు మైకు: టీకా తాత్పర్య సహితము

అవతారిక: వీణను, శ్రుతి బాక్సును, కీబోర్డును ఒక్క గదిలో ఒక్కసారి రికార్డు చేయబూని, ఏ మైకు కొనవలెనా అని బజారుకు బయలుదేరిన వైణికురాలిని గుమ్మముననే నిలిపి కవి ఇట్లనుచున్నాడు.

ఆ. వీణ ముందు మైకు వెనుక స్పీకర్లుంచి
తీగ బాక్సు కిచ్చి తిన్నగాను
ఫ్యాను నాపి యేసి పండుకొన్న పిదప
వ్రేల మీటవమ్మ వీణ నిపుడు

ప్రతిపదార్థము: అమ్మ = ఓ వైణికురాలా; వీణ ముందు = వీణ కుండకు ఎదురుగా; మైకు = మైక్రోఫోనును; వెనుక = (ఆ మైకు) వీపు వైపున; స్పీకర్లు = శ్రుతిని, కీబోర్డును వినిపించు పెట్టెలను; ఉంచి = అమర్చి; బాక్సుకు = ఎలక్ట్రానిక్ శ్రుతి బాక్సునకు; తిన్నగాను = నడుమ మైకు లేకుండ; తీగ = కేబులును; ఇచ్చి = తగిలించి; ఫ్యాను ఆపి = పంకాను కట్టివేసి; ఏసి పండుకొన్న పిదప = ఏసి చప్పుడు పూర్తిగా అణగిన తరువాత; ఇపుడు = ఆలస్యము చేయక; వీణన్ = వీణను; వ్రేలన్ = వ్రేలితో; మీటవు = మీటుము.

తాత్పర్యము: గాలిలో పలుకు వాద్యమును మైకుతోను, తీగలో పలుకు వాద్యమును తీగతోను పట్టవలెను, ఒకదాని ధ్వని మరొకదాని దారిలో పడరాదు.

విశేషములు:

1. మైకు: ఏ జాతి మైకో కవి చెప్పలేదు, వ్యాఖ్యాత చెప్పక తప్పదు. ముఖ్యమైన జాతులు మూడు. డైనమిక్ మోటు చెవిది. మీటు చివర సన్నగా సాగు గమకము దానికి సరిగా అందదు. రిబ్బను మృదువైనది, కాని సాధారణముగా ముందు వెనుకలు రెండును సమానముగా వినును, చెవుడు ప్రక్కలనే. దానికి ‘వెనుక’ అను మాట చెల్లదు. కావున కండెన్సరే కవిహృదయము. స్టూడియో కండెన్సరు సాధారణముగా 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తు లేనిదే పలుకదు. ఆ 48కి శాస్త్రకారణము వెదకవలదు. 1966లో నార్వే రేడియో స్టూడియోలలో అత్యవసర దీపములకై ఆ విద్యుత్తు సిద్ధముగా నుండెను. న్యూమన్ సంస్థ తన మైకును దానికే అమర్చెను. ఆచారములు ఇట్లే పుట్టును.

2. ముందు: ఎంత ముందు? మరీ దగ్గర పెట్టినచో మంద్రము ఉబ్బును, గోటి చప్పుడు స్వరమును మించును. దూరము ఇనుమడించిన ప్రతిసారి వీణ నుండి నేరుగా వచ్చు ధ్వని 6 డెసిబెళ్లు తగ్గి, స్పీకర్ల పాలు పెరుగును. కావున రెండు మూడు జానల దూరము మేలు. మైకు చూపు కుండపై నుండవలెను, మీటు చేతిపై గాదు.

3. వెనుక: ఇచట వివాదము కలదు. వీణ వెనుక అని కొందరి అన్వయము. అట్లు పెట్టినచో వీణను చూచు మైకునకు స్పీకర్లు సైతము ఎదుటనే యుండును! ‘మైకు’ పదమును దేహళీదీప న్యాయమున ఇరువైపులకు అన్వయింపవలెను: వీణ ముందు మైకు, మైకు వెనుక స్పీకర్లు. కండెన్సరులలో ఎదుటి ధ్వనినే ఎక్కువగా విను కార్డియాయిడ్ మైకు సరిగా వెనుక, అనగా 180 డిగ్రీల దిక్కున, ఇంచుమించు చెవిటిది. మైకు ఎంత బాగుగా వినునో అంగడిలో అందరును అడుగుదురు. ఎటు వినదో అడిగి కొనుమనుటయే ఈ పద్యమునకు ప్రాణము.

4. స్పీకర్లు: బహువచనము సాభిప్రాయము. కార్డియాయిడ్‌కు చెవిటి దిక్కు ఒక్కటే; స్పీకర్లు రెండైనచో ఆ ఒక్క దిక్కున ఇమడవు. సూపర్ కార్డియాయిడ్ అను మరొక రకమునకు ఇరుప్రక్కల సుమారు 126 డిగ్రీల యొద్ద చెవుడు గలదు, సరిగా వెనుక మాత్రము కొంత వినికిడి యుండును. కావున స్పీకరొకటైన మొదటిది, రెండైన రెండవది అని ధ్వని.

5. తిన్నగాను: పూర్వపక్షము. వీణకు గది గాలి తగిలి శ్రుతికి తగులనిచో రెండును వేర్వేరు ఇండ్లలో మ్రోగినట్లుండవా? ఉండును. అందుకే వీణ ముగిసిన పిదప ఆ శ్రుతిని అదే గదిలో స్పీకరున పలికించి, దూరముగా మైకుంచి పట్టి, కొద్దిగా కలుపుదురు.

6. ఏసి పండుకొన్న: యంత్రమునకు నిద్ర చెప్పుటచే సమాసోక్తి. ‘ఇపుడు’ పాదపూరణమునకు వచ్చినది గాదు. ఏసి ఆగిన గది వేడెక్కును. వేడికి వీణ తంత్రులు సడలి శ్రుతి జారును. ఎలక్ట్రానిక్ బాక్సు జారదు. ఆ భేదము చెవికెక్కక మునుపే మీటవలెనని భావము.

7. దోషవిచారము: ఉంచి, ఇచ్చి, ఆపి అను క్రియలకు కర్త సౌండ్ ఇంజనీరు, మీటుటకు కర్త వైణికురాలు. కర్తృభేదము వ్యాకరణమున దోషమే. అయితే ఇంటిలో రికార్డు చేసికొనువారికి ఆ యిరువురును ఒక్కరే గావున దోషము లేదు.

8. పాఠాంతరము: ‘చెవుల స్పీకర్లుంచి’ అని నవీనులు చదువుదురు. అనగా చెవులను పూర్తిగా మూయు హెడ్‌ఫోన్లు. గణములు సరిపోయినను ‘వీ’కి ‘చె’తో యతి కుదరదు, లాక్షణికులు ఒప్పరు. కాని గదిలో స్పీకరే లేనప్పుడు మైకులోనికి చొరబడు ధ్వనియు నుండదు. కావున పద్యమును మొదటి పాఠముతో చదివి, రికార్డింగును రెండవ పాఠముతో చేయవలెను.